మేడ్చల్ నుంచి బయల్దేరని దళం

మీకొక మాట చెప్పాలి. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తూ తిరుగుతున్నాను. ఎంత బరువని అడిగితే చూపించడానికి నా దగ్గర ఉన్నది గోరంత అట్టముక్క. నవ్వకండి. నవ్వినా ఫర్వాలేదు, కానీ చివరిదాకా వినండి.

ముందుగా నా సంగతి. తూంకుంటలో నన్నెరిగినవాళ్లెవరూ నా మాట నమ్మరు. శామీర్‌పేట చెరువులో మొసలి నా చెప్పు ఎత్తుకుపోయిందని, సైజు సరిపోక మర్నాడు తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్లిందని నేను చెప్పిన కథ ఇప్పటికీ నాకే తిరిగి చెబుతుంటారు. అలాంటివాటికి నేను సిగ్గుపడను. అది అబద్ధమని నాకు తెలుసు, వినేవాళ్లకు తెలుసు, ఆ మొసలికీ తెలిసే ఉంటుంది. కానీ ఒక్క అబద్ధం మాత్రం నమ్మే మనిషికి చెప్పాను. తేడా అదే. ఆ తేడా తెలియడానికి నాకు సగం జీవితం పట్టింది.

ఆయన పేరు మూర్తి గారు. తొంభైలలో కోస్తా నుంచి బదిలీ మీద మేడ్చల్ వచ్చి, కొత్తగా వేసిన కాలనీలో అద్దెకు దిగారు. సన్నటి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ చెక్కిన పెన్సిలు. ఓడల్లో పనిచేసే బావమరిది ఏదో రేవులో కొని తెచ్చిన పెట్టె ఒకటి ఆయన దగ్గర ఉండేది. అందులో ఒక పెద్ద మ్యాపు, దాని నిండా తేనెపట్టులా ఆరు మూలల గళ్లు. ఇంకా బోలెడు చిన్న చిన్న అట్టముక్కలు. ఒక్కో ముక్క ఒక్కో పటాలం. దాని మీద అంకె దాని బలం. పాచికలు వేసి, పట్టిక చూసి, ఎవరి పటాలం నిలిచిందో ఎవరిది విరిగిందో తేల్చుకోవాలి. ఎప్పుడో నిజంగా జరిగిన యుద్ధాన్ని బల్ల మీద మళ్లీ నడపడమన్నమాట.

పెట్టె ఉంది గానీ ఆడేవాళ్లు లేరు. పోయిన ముక్కలకు బదులు కొత్తవి కోయించుకుందామని ఆయన యాదగిరి ప్రెస్సుకు వచ్చారు. యాదగిరి పెళ్లి కార్డులు అచ్చువేసేవాడు. పక్కనే మా నాయిన సైకిల్ షాపు, అందులో నేను. ఆ మధ్యాహ్నం మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఆట నేర్పారు. చీకటి పడ్డాక మా నాయిన వచ్చి చెవి పట్టుకుని లేపేదాకా నేను లేవలేదు.

ఆ ఆటలో ఏముందని అడుగుతారేమో. చదరంగంలో రెండు వైపులా సమానం. ఇక్కడ అలా కాదు. చరిత్రలో ఎవడు బలవంతుడో బల్ల మీదా వాడే బలవంతుడు. బలహీనుడికి గెలుపంటే, చరిత్రలో నిలిచినదానికంటే ఇంకాస్త ఎక్కువసేపు నిలబడటం. మూర్తి గారితో ఈ మాట రెండోసారి చెప్పించుకున్నాను. అంతవరకు ఓడిపోవడానికి ఇంత మర్యాద ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

కొన్నాళ్లకు ఆయనే అన్నారు, ఎవరివో నదులూ ఎవరివో కొండలూ మనకెందుకు, మన గోల్కొండ ముట్టడి ఉండగా అని. అలా మొదలైంది. సెలవు రోజుల్లో సిటీకి పోయి లైబ్రరీల్లో కూర్చునేవారు. కోట గోడ వెంట ఎండలో నడిచి వచ్చేవారు. ఆరు మూలల గడి గీయడం ఎలాగని మేం తలపట్టుకుంటే, మా షాపులోంచి ఒక నట్టు తీసి డ్రాయింగు షీటు మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పారు. ఆ మ్యాపులో ప్రతి గడీ ఆ నట్టు చుట్టూ గీసిందే. సైకిల్ నట్టుతో గోల్కొండ సామ్రాజ్యం కొలిచిన మనిషి ప్రపంచంలో ఆయనొక్కరే అయి ఉంటారు. ఇది మాత్రం నేను అల్లింది కాదు.

పటాలాలను యాదగిరి పెళ్లి కార్డుల మిగులు అట్టలోంచి కోసేవాడు. ఆటలో దెబ్బతిన్న పటాలాన్ని బోర్లా తిప్పి పెట్టాలి, అలా తిరగేస్తే వెనక బంగారు రంగు మామిడాకు తోరణమో, పెళ్లికూతురి పేరులో సగమో కనబడేది. మొగలుల ఫిరంగి దళం వెనక 'చి.ల.సౌ.' అని ఉండేది. ఫ్యాను వేయడానికి వీల్లేదు, సైన్యాలు ఎగిరిపోతాయి. మే నెలలో, ప్రెస్సు రేకుల కింద, ముగ్గురం బనియన్లతో చెమటలు కారుతూ ఔరంగజేబు కోసం కాచుకునేవాళ్లం. ఒకసారి యాదగిరి తుమ్మితే కుతుబ్‌షాహీ గుర్రపు రిసాలా మొత్తం సిరా డబ్బాలో పడింది.

"ఏంది బై గిది? నీ ముక్కుకు గూడ బలం ఎంతో రాసి పెట్టుకోవాల్నా?" అన్నాను నేను.

మూర్తి గారు నవ్వలేదు. నియమాల్లో ఒకటి చేర్చారు: తుమ్మినవాడు మాట్లాడకూడదు, ఏ ముక్క ఎక్కడుందో ఎదుటివాడు గుర్తు చేసుకుని సర్దాలి. ఎదుటివాడి మీద అంత నమ్మకం పెట్టిన నియమం నేను మరెక్కడా చూడలేదు.

ఆయన అన్నిటికంటే గట్టిగా పట్టుకున్న నియమం ఇంకోటుంది. చరిత్రలో ఉంటేనే బల్ల మీదికి. ప్రతి పటాలానికీ సాక్ష్యం కావాలి. పుస్తకం ఉంటే పుస్తకం, లేకపోతే పెద్దవాళ్ల నోటిమాట. "రాసినవాళ్లదే చరిత్రా? గుర్తుపెట్టుకున్నవాళ్లది కాదా?" అనేవారు. రెండింటికీ ఒకే విలువ ఇచ్చేవారు. ఆ పెద్దమనసులోకే నేను చెప్పులతో నడిచి వెళ్లాను.

ఎప్పుడూ కోట నాదే. ఎప్పుడూ కూలేది. ఒక ఆదివారం మరీ త్వరగా కూలింది. మొగలుల వైపు ఆడే యాదగిరి మీసం దువ్వాడు.

"గింత జల్దీ ఏంది తమ్మీ? మా ఇంటి బాత్రూం గోడ నయం గదా నీ కోట కంటె!"

"మా ఊరోళ్లు రాకుంటె గట్లనే కూలుతది మరి," అన్నాను. ఊరికే అన్నాను. నోటికొచ్చింది అన్నాను.

మూర్తి గారు తలెత్తారు. "మీ ఊరివాళ్లా?"

అక్కడ ఆగిపోవలసింది. ఆగలేదు. ఎందుకు ఆగలేదు? ఓటమి మంటా? అదొక్కటే అయితే బాగుండును. మ్యాపు పై అంచు దాకా ఎన్నోసార్లు చూశాను. గోల్కొండకు ఉత్తరాన నాలుగు గళ్లు దాటితే కాగితం అయిపోతుంది. మేడ్చల్ లేదు. శామీర్‌పేట లేదు. మేమెవరం చరిత్రలో లేము. అందుకని ఉన్నట్టు చెప్పేశాను. ముట్టడి నాడు మేడ్చల్ నుంచి ఒక దళం బయల్దేరిందని, శామీర్‌పేట చెరువు దగ్గర నీళ్లు తాగి, వెనక నుంచి మొగలుల ధాన్యం బండ్ల మీద పడి తగలబెట్టిందని, మా అవ్వ చెప్పిందని.

ఆయన కళ్లు ఎలా వెలిగాయో మీకు చెప్పలేను. "అవ్వను చూడాలయ్యా," అన్నారు.

అవ్వ శామీర్‌పేటలో మా చిన్నాయన దగ్గర ఉండేది. ముందురోజే పోయి కథ చెప్పి, ఇట్లా అడుగుతారు, ఇట్లా చెప్పు అని బతిమాలాను. "నేనెప్పుడు జెప్పిన్రా నీకు?" అంది. ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. మర్నాడు మూర్తి గారు వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చెప్పులు విప్పి, అవ్వ ముందు నేల మీద కూర్చుని, "అమ్మా, మీకు గుర్తున్నంత చెప్పండి," అన్నారు. అవ్వ నావైపు ఒకసారి చూసింది. తర్వాత చెప్పింది. నేను నేర్పినదానికంటే ఎక్కువే చెప్పింది. ఆడవాళ్లు జొన్న రొట్టెలు గుడ్డల్లో కట్టి నెత్తిన పెట్టుకుని దళం వెంట నడిచారని, డప్పు కొడితే శత్రువుకు తెలుస్తుందని చేతులతో తొడలు చరుచుకుంటూ అడుగులు కలిపారని. అబద్ధాల విద్య నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

ఆయన వెళ్లాక అవ్వ నా చేయి పట్టుకుంది. "గంత పెద్ద సారు నా ముందట నేల మీద కూసున్నడు. గసొంటి మనిషికి నాతోని అబద్ధం జెప్పిపిస్తివి గదరా బిడ్డా," అంది. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

మూర్తి గారు మ్యాపుకు ఉత్తరాన ఇంకో షీటు అతికించారు. మళ్లీ నట్టు, మళ్లీ పెన్సిలు. చెరువుకు నీలం పెన్సిలుతో రంగు వేశారు. యాదగిరి కొత్త ముక్క కోశాడు: మేడ్చల్ దళం, బలం మూడు. ఆ దళంతోనే నేను మొదటిసారి కోటను ఆఖరి పాచిక దాకా నిలబెట్టాను. ఆయన లేచి నాకు చేయి ఇచ్చారు. నా జీవితంలో గెలిచిన ఒకే ఒక్క యుద్ధం అది. లేని సైన్యంతో గెలిచాను.

నిజం చెప్పడానికి తలుపు ఒకసారి తెరుచుకుంది కూడా. మూర్తి గారు ఎక్కడో చదివి వచ్చి, "ముట్టడి నాటికి ఆ చెరువు లేదటయ్యా, తర్వాత తవ్వించిందట. అవ్వ పొరబడిందేమో?" అన్నారు. "అప్పుడు చిన్న కుంట ఉండెనేమో సార్," అన్నాను, రెప్ప కొట్టకుండా. ఆయన తలూపి, నీలం రంగును రబ్బరుతో మెల్లగా చెరిపి, ఓ మూలన చిన్న కుంట గీశారు. ఆ రబ్బరు చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. తప్పు ఎంత మెత్తగా సర్దుకుందో చూడండి.

తర్వాత అవ్వ పోయింది. ఆ మరుసటి ఏడాది బొంబాయి నుంచి ఒకాయన వచ్చాడు. ఇలాంటి ఆటలు అచ్చు వేయాలనే పిచ్చి ఉన్నవాడు, మూర్తి గారి సంగతి ఎవరి ద్వారానో విన్నాడు. ప్రెస్సులో మాతోపాటు చెమటలు కక్కుతూ పొద్దంతా ఆడాడు. ఇంత మంచి ఆట ఈ దేశంలో చూడలేదన్నాడు, అచ్చు వేస్తానన్నాడు. ఒక్కటే అడిగాడు, ఈ మేడ్చల్ దళానికి ఆధారమేమిటని. ఆధారం చూపించండి, లేదా ఆ ముక్క తీసేయండి.

సాయంత్రం మూర్తి గారు నన్ను బయటికి పిలిచారు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆయన పెన్సిలు చేతిలో తిప్పుతున్నారు.

"ఒక్క మాట అడుగుతాను. నువ్వు ఏం చెబితే అదే చేస్తాను. అవ్వ మాట నమ్మొచ్చా?"

నేను పోతున్న లారీల వైపు చూశాను.

"సందేహం ఉంటే చెప్పు, తప్పేం లేదు. ముక్క తీసేస్తాను, ఆట అచ్చవుతుంది. నాకు అంతకంటే ఏం కావాలి?"

ఆయన ఎంత సులువు చేసి ఇచ్చారో చూశారా? ఒక్క 'తీసేయండి సార్' చాలు. నిజం కూడా చెప్పక్కర్లేదు. కానీ అలా అంటే అవ్వ అబద్ధమాడినట్టే కదా అనుకున్నాను. ఆ రోజు అలాగే అనుకున్నాను. ఇన్నేళ్లు నాకు నేను అదే చెప్పుకున్నాను, పోయిన మనిషి పరువు కాపాడానని. ఇప్పుడు అడుగుతున్నాను, నేను కాపాడింది అవ్వనా, అవ్వ వెనక దాక్కున్న నన్నా?

"మా అవ్వ అబద్ధమాడది సార్," అన్నాను.

ఆయన మొహంలో బాధ కనబడుతుందేమోనని చూశాను. లేదు. తేలికపడ్డట్టు కనిపించారు. "అంతే. అయితే తియ్యను," అన్నారు. లోపలికి వెళ్లి బొంబాయి ఆయనతో, ఒక పెద్దావిడ మాట కాగితం మీద లేదని కొట్టేస్తే నేను ఈ ఆట తయారుచేసినదానికి అర్థమే లేదండి అన్నారు. ఆ వచ్చినాయన చాలా మర్యాదగా టీ తాగి, చాలా మర్యాదగా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఇంకెవరూ రాలేదు.

మూర్తి గారికి మళ్లీ బదిలీ అయింది. వెళ్లే రోజు గోల్కొండ మ్యాపూ ముక్కలూ సర్దిన పెట్టె తెచ్చి నా చేతుల్లో పెట్టారు. "మీ ఊరి ఆటయ్యా. మీ ఊళ్లోనే ఉండాలి," అన్నారు. తర్వాత సైకిళ్లు పోయి బండ్లు వచ్చాయి, పిల్లలకు కంప్యూటరు ఆటలు వచ్చాయి, యాదగిరి ప్రెస్సు స్థలంలో మొబైల్ షాపు వెలిసింది. నేను తూంకుంటలో పైపులూ నల్లాలూ అమ్ముకుంటున్నాను. పెట్టె నా దగ్గరే ఉంది.

మొన్నామధ్య శామీర్‌పేటలో ఆటో ఎక్కాను. చెరువు పక్కన పోతుంటే డ్రైవరు వెనక్కి తిరిగి అన్నాడు, "గోల్కొండ లడాయిల మా మేడ్చల్ ఫౌజు ఈడనే నీళ్లు తాగింది అంకుల్. రొట్టెలు నెత్తిన పెట్టుకోని ఆడోళ్లు గూడ పోయిండ్రంట. మా తాత జెప్తుండె." మూర్తి గారు అవ్వ మాటకు తోడు దొరుకుతుందేమోనని అప్పట్లో ఊరూరా పెద్దవాళ్లను అడుగుతూ తిరిగారులెండి. అడిగినచోటల్లా కథ మొలిచిందన్నమాట. ఇంకే అబద్ధమైనా అయితే గర్వపడేవాణ్ణి. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. "మస్తు చెప్పినవ్ తమ్మీ," అని దిగిపోయాను.

దసరాకు దసరాకు మూర్తి గారు ఫోన్ చేస్తారు. గొంతు బాగా సన్నబడింది. కుశలాలయ్యాక ఒకటే అడుగుతారు: "మన దళం ఎలా ఉందయ్యా?" "బాగుంది సార్," అంటాను. ఈసారీ అదే అన్నాను. వచ్చే దసరాకు నిజం చెబుతానా? తెలియదు. మాట ఇస్తే మీరు నమ్మరు, నమ్మకండి. ఆయన ఆట పోయింది, దాన్ని నేను తెచ్చి ఇవ్వలేను. ఆయనకు మిగిలింది ఆ దళమొక్కటే. దాన్ని కూడా లాక్కుంటే అది నిజాయితీనా, నా బరువు ఆయన నెత్తిన దించడమా? ఇది కూడా దాక్కోవడమేనేమో.

ఇవాళ పెట్టె తెరిచి మ్యాపు పరిచాను. ఆ ముక్క చేతిలోకి తీసుకుని తిరగేశాను. యాదగిరి ఏ కార్డులోంచి కోశాడో గానీ, వెనక ఏమీ లేదు. తెల్లగా ఉంది.

మేడ్చల్ నుంచి ఆనాడు దళమేదీ బయల్దేరలేదు. రొట్టెలు మోసిన ఆడవాళ్లు లేరు. మా అవ్వ ఏ కథా చెప్పలేదు, నేనే చెప్పించాను.

ఇదిగో, ఈ కాగితాల మీద మీకు రాసేశాను. ముక్కను మళ్లీ దాని గడిలో, చెరిపిన నీలం మరక ఇంకా కనబడుతున్న చోట, నిలబెట్టాను. ఒళ్లంతా చెమట. అయినా ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఫ్యాను మాత్రం ఇంకా వేయలేదు.