ఘాటు కోసం గీకించిన ఇంజను

సీతాఫలం చేతికిస్తే నేను ముందు వాసన చూస్తాను. తొక్క మీద పెట్రోలు వాసన కోసం వెతుకుతాను. పండుకు పెట్రోలు వాసన ఏమిటని మనవరాలు నవ్వుతుంది. ఆ పిల్లకు ఏమని చెప్పాలో తెలియదు, ఎందుకంటే ఆ వాసన వెనక ఉన్న సంగతి నాకే ఈనాటికీ సగం అర్థం కాలేదు.

గిద్దలూరులో మా నాయనకు పాత పెట్రోలు కారు ఒకటి ఉండేది, బాడుగలకు తిప్పేవాడు. అప్పుడు మాది కర్నూలు జిల్లా. కోర్టు పనికో కచేరీ పనికో బయలుదేరి రైలు తప్పినవాళ్ళు మా అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నాయన కారులో నల్లమల కొండల ఘాటు రోడ్డు దాటి నంద్యాల మీదుగా కర్నూలు పోయేవాళ్ళు. వానలు తగ్గి, కొర్రచేలు కోతకొచ్చి, ఘాటు దారిలో చెంచు ఆడవాళ్ళు సీతాఫలాల గంపలు పెట్టుకుని కూర్చునే కాలంలో, నాయన తిరిగొచ్చేటప్పుడు డిక్కీ నిండా కాయలు వేసుకొచ్చేవాడు. అమ్మ వాటిని కొర్రగడ్డిలో మాగబెట్టేది. డిక్కీలోనే పెట్రోలు డబ్బా కూడా ఉండేది కనక కాయ మాగినా, మెత్తబడినా ఆ వాసన మాత్రం పోయేది కాదు. సాయంత్రం వీధిలో అచ్చనగండ్లు ఆడుకుంటున్న నాకు అది తగిలిందంటే నాయన క్షేమంగా ఘాటు దిగినట్టు. తగలకపోతే ఆట మీద మనసు నిలిచేది కాదు.

చిక్కంతా ఆ ఘాటులోనే. మనుషులు నిండితే పెద్ద మలుపు దగ్గర కారు రొప్పుతూ నిలబడిపోయేది. బాడుగ మాట్లాడుకున్న పెద్దమనుషులే పంచెలు ఎగ్గట్టి దిగి తోసేవాళ్ళు. ఒకసారి రాచర్ల శెట్టిగారు, "ఏంది నాయనా, కారు మమ్మల్ని మోస్తా ఉండాదా, మేమే కారును మోస్తా ఉండామా?" అన్నాడని నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. ఇట్లాగైతే బాడుగలన్నీ బస్సుకు పోతాయని ఆయన భయం. ఆ కారు ఆగితే మా ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

అప్పుడు మెకానిక్ మస్తాన్ మామ ఒక ఉపాయం చెప్పాడు. ఇంజనుకు పైన మూతలా ఉండే ఇనుప దిమ్మను హెడ్డు అంటారు. దాని అడుగు కాస్త గీకిస్తే బలం పెరుగుతుందట.

"ఉన్న ఇనుము గీకేస్తే బలం ఎట్ల వస్తాది, మస్తానన్నా?" అంది అమ్మ.

"టపాకాయకు దారం బిగించి చుడితేనే గదా చెల్లెమ్మా, పెద్ద మోత! లోపల జాగా తగ్గాల, అంతే."

అమ్మకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. జాగా తగ్గితే కొట్లాట పెరగడం మా ఇంట్లో రోజూ చూసేదాన్ని గాని బలం పెరగడం ఎప్పుడూ చూడలేదు. నాయన మాత్రం ఆ హెడ్డును పాత దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, నంద్యాల లేతు షాపుకు రైల్లో తీసుకుపోయాడు. కారు ఎక్కలేని కొండను దాని హెడ్డు రైలెక్కి దాటింది.

గీకిన హెడ్డు తిరిగి బిగించాక, దీపావళి నాడు కజ్జికాయల డబ్బాతో మేమూ, మస్తాన్ మామ ఇంటిల్లిపాదీ ఆ కారులో కుక్కుకుని ఘాటుకు పోయాం. పెద్ద మలుపు వచ్చేసరికి దిగి నడవాలేమోనని అమ్మ చెప్పులు తొడుక్కుంది. కారు ఆగలేదు. పళ్ళు కొరుకుతున్నట్టు టకటకమంటూ ఎక్కేసింది. "చూసినావా, చూసినావా!" అని నాయన వెనక్కి తిరిగి నన్నే అడుగుతుంటే, "రోడ్డు చూడు బావా!" అని మస్తాన్ మామ అరిచాడు. నాయన అంత సంతోషంగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు.

చలి పూర్తిగా పోకముందే మా జిల్లా మారిపోయింది. ఊరు కదలలేదు, ఇల్లు కదలలేదు, జిల్లా మాత్రం ఒంగోలట. బళ్ళో నిన్నటిదాకా కర్నూలు అనకపోతే చెవి మెలేసిన అయ్యవారే ఇప్పుడు కర్నూలు అంటే మెలేసేవాడు. కొన్నాళ్ళకు దానికే ప్రకాశం అని పేరు పెట్టేసరికి రెండో చెవికీ పని పడింది.

"మనం యాడికీ పోలేదే, మనల్ని ఎట్ల మార్చినారంట?" అని అమ్మ నాయనను అడిగింది.

కోర్టు, కచేరీ కాగితాలన్నీ తూర్పున ఒంగోలుకు పోయాయి, వాటి వెంట బాడుగలూ పోయాయి. ఒంగోలు దారిలో ఎక్కడానికి ఘాటే లేదు. ఎండాకాలం ఆ చదును రోడ్డు మీద, కొండ కోసం గీకించిన ఇంజను ఉడికిపోయి బేస్తవారిపేట చేరేలోగా పొగలు కక్కేది. మస్తాన్ మామ బుర్ర గోక్కుని, హెడ్డు కింద ఒకటి వేసే చోట రెండు రాగిరేకులు వేద్దామన్నాడు. లోపల జాగా మళ్ళీ పెరిగి ఇంజను చల్లబడుతుందట.

"గీకించేదీ మీరే, పూడ్చేదీ మీరే. ఇదేంది అన్నా?" అంది అమ్మ.

నాయన మరునాడు, రేకు వెయ్యకముందే, బాడుగ లేకుండానే, ఒక్కడే ఘాటుకు పోయి వచ్చాడు. కాలం కాదు కనక డిక్కీలో పండ్లు లేవు.

"ఎక్కిందా నాయనా?" అన్నాను.

"ఎక్కింది."

"మరి ఎందుకు పోయినావు?"

"ఏమో," అని బానెట్టు ఎత్తి, మస్తాన్ మామను పిలిచి, "వెయ్యి బావా ఆ రేకు," అన్నాడు.

ఇప్పుడు ఆ కారు లేదు, మస్తాన్ మామ లేడు, నాయనా లేడు. జిల్లాల గీతలు ఆ తరువాతా కదులుతూనే ఉన్నాయి. మీది ఏ జిల్లా అని ఎవరైనా అడిగితే నా చెయ్యి ముందు చెవి మీదికి పోతుంది. తోపుడు బండి మీద కొన్న సీతాఫలం తియ్యగానే ఉంటుంది. పెట్రోలు వాసన మాత్రం రాదు. నాయన ఇంకా ఘాటు దిగలేదేమోనని, ఈ వయసులో, పండు చేతిలో పట్టుకుని వీధి వైపు చూస్తాను.