బంతిపూల దండ, ఇంటర్‌కూలర్

ఈ ఉదయం చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక కారు నా షెడ్డు ముందు ఆగగానే ఉడికిన బంతిపూల వాసన గుప్పుమంది. బానెట్ ఎత్తకముందే బండికేమైందో తెలిసిపోయింది! పక్కన మునిరత్నం అన్న లేడే అని మాత్రం ప్రాణం ఉసూరుమంది. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పిన మనిషి ఆయన. పూతలపట్టు కూడలి దగ్గరున్న ఈ షెడ్డు పెట్టింది ఆయనే. మనిషి పొట్టి, గొంతు లారీ హారను. ఆడపిల్లకు మెకానిక్ పనేమిటని అడిగినవాళ్లను ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నేను పని నేర్చుకునే రోజుల్లో పుత్తూరు పూల వ్యాపారి రెడ్డెప్పకు ఒక టర్బో డీజిల్ కారుండేది. చదును రోడ్డు మీద బాగానే పోయేది, ఘాట్ ఎక్కితే ఆయాసపడేది. టర్బో నొక్కి పంపే గాలి కాగిపోతుంది. దాన్ని చల్లార్చి ఇంజిన్‌కు అందించేదే ఇంటర్‌కూలర్. ఆ కారులో అది చిన్నది, పైగా గాలి తగలని మూల ఉంది. పెద్దది తెచ్చి ముందు జాలీ వెనకే పెడదామన్నాను. అన్న కళ్లు మెరిశాయి.

"పెట్టుమేయ్! అంతా నువ్వే సెయ్యి. భాకరాపేట ఘాట్ ఆగకుండా ఎక్కిందంటే బోర్డు మీద నా పేరు పక్కన నీ పేరు రాపిస్తా. ఎక్కలేదనుకో, మళ్లీ పంచర్ల పనే!"

ఇంకేం, పూనకం వచ్చినట్టు పనిలో పడ్డాను. బంపరు కోశాను, గొట్టాలు మార్చాను. అన్న ఫ్యాన్ పెట్టి, దాని ముందు అగరుబత్తి వెలిగించాడు. పొగ ఇంటర్‌కూలర్‌లోకి పోకుండా పక్క సందుల్లోంచి జారిపోయింది. "గాలి శానా సోమరిది పాపా. సులువైన దోవ ఉంటే ఆడికే పోతాది. సందులన్నీ మూసెయ్" అన్నాడు. రేకు కత్తిరించి మూశాను. పొగ నేరుగా లోపలికి దూరినప్పుడు ఇద్దరం గంతులేశాం.

బయల్దేరే ముందు పూజ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పూల వ్యాపారి కదా, రెడ్డెప్ప చెయ్యంత లావు బంతిపూల దండ తెచ్చాడు. అన్నే దాన్ని ముందు జాలీకి అడ్డంగా, చుట్ల మీద చుట్లు వేసి తీగతో బిగించాడు. నేను హారతిచ్చాను.

సగం ఘాట్‌లో బండి నీరసించింది. మునుపటికన్నా అధ్వానం! "ఆడపిల్ల సేతికిస్తే ఇంతేనప్పా" అని రెడ్డెప్ప గొణిగాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బోర్డు సంగతి సరే, అన్న పరువు కూడా పోయిందనిపించింది. దిగి గొట్టాలన్నీ తడిమాను. ఒక్క క్లిప్పూ వదులు కాలేదు. అప్పుడు తగిలింది ముక్కుకు, ఉడికిన పూల వాసన.

"అన్నా, దండ!" అని అరిచాను.

అన్న నోరు తెరిచి, నెత్తి కొట్టుకుని, పకపకా నవ్వాడు. "అయ్యో, కట్టింది నేనే గదమేయ్! సందులన్నీ మూపించి, వాకిలికి నేనే అడ్డం పడితిని!"

"పూజ సేసిన దండ తీస్తే మంచిది కాదప్పా" అని రెడ్డెప్ప అడ్డుపడ్డాడు. అన్న చెప్పులు విడిచి దండకు దణ్ణం పెట్టాడు. "గాలి గూడా దేముడే రెడ్డెప్పా. ఒక దేముడికి ఇంకో దేముడు అడ్డమొస్తాడా?" అంటూ తీగ విప్పాడు. వెచ్చగా ఉన్న ఆ దండను తెచ్చి నా మెడలో వేశాడు.

బండి చల్లారాక కిందికి దిగి, మొదటి నుంచి మళ్లీ ఎక్కాం. అబ్బ, ఆ టర్బో ఈల! వంపు తర్వాత వంపు, ఎక్కడా తగ్గలేదు. వెనక సీట్లోంచి రెడ్డెప్ప "పోనీ పాపా, పోనీ!" అని ఒకటే కేకలు. అన్న ఎదురొచ్చే ప్రతి లారీకీ చెయ్యి ఊపాడు. పైకి చేరగానే జేబులోంచి ఫోన్ తీసి బోర్డు రాసే మనిషికి కలిపాడు.

పోయినేడాది అన్న పోయాడు. బోర్డు మార్చమని కొందరు చెప్పారు. నేనెందుకు మారుస్తాను? ఈ ఉదయం వచ్చినాయన కూడా "పూజ సేసిన దండమ్మా" అని నసిగాడు. చెప్పులు విడిచి దణ్ణం పెట్టాను. అన్న మాటే చెప్పి, తీగ విప్పాను. ఈ షెడ్డులో విప్పిన దండలన్నీ చేరేది ఒక్కచోటికే. స్టూలెక్కి బోర్డుకు కట్టాను, ఆయన పేరు వైపు కాస్త ఎక్కువ వేలాడేలా.