ముఖాలు మావి, వీపులు వాళ్ళవి

నిన్న బిష్టుపూర్‌లో ఓ పాత సామాన్ల షాపులో బిందె ఎత్తుకున్న పింగాణీ బొమ్మ కనబడింది. మా ఇంట్లో పుట్టిందే! గోల్‌మురిలో నాతో పెరిగిన నేస్తాలూ, గుర్తుందా? మా పెరట్లో తడిమట్టి వాసన, ముందుసగం వెనకసగం కలిపి బిగించిన అచ్చులు, బొమ్మ పక్కల అతుకు గీతని తడిగుడ్డతో రుద్దే నానమ్మ?

నాన్న, చిన్నాన్న విడిపోతూ, ఒకరు లేకుండా మరొకరు బొమ్మ చెయ్యకూడదని ప్రతి అచ్చులోనూ చెరో సగం పట్టుకుపోయారు.

"ఏట్రా ఇది? బొమ్మని రెండుగా చీల్చేత్తారేటి?" అంది నానమ్మ.

"బరాబర్ పంచుకున్నామే అమ్మా" అన్నాడు నాన్న.

ముఖాలు మాకొచ్చాయి, వీపులు వాళ్ళకెళ్ళాయి. ఆ తర్వాత ఒక్క బొమ్మా పుట్టలేదు. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ లేరు.

రాత్రి పర్సుడీహ్‌లో ఉన్న చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేశాను. "ఒక్క బొమ్మ పోద్దాంరా, మీ సగాలు పట్రా" అన్నాను.

"పహ్లే మీవి పంపు, దీదీ" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. ముందు మేమెందుకు పంపాలి?