లేడీస్ టైంలో నలభై కిలోలు

పుంగనూరులో మా వీధి చివరున్న జిమ్ములో పొద్దున పది నుంచి పన్నెండు దాకా లేడీస్ టైం. ఆ రెండు గంటలూ గుమ్మానికి పరదా వేలాడుతుంది. ఆ పరదా దూర్చిన ఇనుప కడ్డీ ఏమిటో నేను చేరిన కొత్తలోనే కనిపెట్టాను. బరువులెత్తే స్టాండుతో పాటు అలాంటివి రెండొస్తాయి. చెరో పక్క అడ్డంగా దూరిస్తే, చేతులు చాలక బార్ జారినా అది మనిషి మీద పడకుండా వాటి మీద ఆగుతుంది. ఒంటరిగా ఎత్తేవాళ్ళకు దిక్కు అవే. వాటిలో ఒకటి మా మర్యాద కాపాడటానికి గుమ్మం మీదికెక్కింది. రెండోది కిటికీ రెక్క తెరుచుకోకుండా దానికి ఆనించి ఉంది.

జిమ్ము నడిపే అతన్ని అడిగితే నెత్తి గోక్కున్నాడు. "పరదా లేకుంటే అన్న ఒప్పుకోడక్కా," అన్నాడు.

అన్నంటే మా ఆయన. మదనపల్లె మార్కెట్‌లో టమోటా వ్యాపారం. నడుము నొప్పికి బరువులెత్తమని డాక్టరు చెబితే నన్ను తీసుకొచ్చి చేర్పించింది ఆయనే. "మా ఆమె ఉండేటప్పుడు లోపల ఒక్క మగోడు కూడా ఉండకూడదప్పా. నువ్వు కూడా," అని షరతు పెట్టాడు. కుప్పంలో ఉండే మా అక్క ఆ మాట విని తెగ మురిసిపోయింది. నా నడుము నొప్పి నెలల్లోనే పోయింది కానీ, బరువులెత్తడం మాత్రం నన్ను వదల్లేదు. పెళ్ళయ్యాక నాకంటూ నేను చేసుకున్న పని అదొక్కటే, అందుకే మానలేదు.

ఆ రోజు మిగతా ఆడవాళ్ళు గృహప్రవేశానికి పోయారు. పదిన్నరప్పుడు లోపల నేనొక్కదాన్నే. బెంచీ మీద వెల్లకిలా పడుకుని బార్‌ను గుండెల మీదికి దించి పైకి తోస్తున్నాను. మొత్తం నలభై కిలోలు, నాకు అలవాటైన దానికంటే ఎక్కువ. ఒకసారి లేచింది. రెండోసారి సగం దాకా లేచి, చేతులు వణికి, తిరిగొచ్చి నా రొమ్ముల మీద కూర్చుంది.

బార్‌ను పక్కకు వంచి చివరున్న బరువు ప్లేట్లు జార్చేద్దామనుకున్నాను. జారలేదు. ప్లేట్లు జారిపడితే టైల్స్ పగులుతాయని బార్‌కు రెండు చివర్లా లాకులు బిగించి తీరాలన్నది అక్కడి రూలు. పడుకుని ఒంటరిగా ఎత్తేటప్పుడు లాకులు పెట్టకూడదని తర్వాత తెలుసుకున్నాను. టైల్స్ పగిలితే పగలనీ. మనిషి పక్కటెముకల కంటే టైల్స్ ఖరీదైనవని అనుకునే చోట నేను ఎత్తుతున్నానని అప్పుడు నాకు తెలియదు.

"అప్పా, రా లోపలికి. బార్ మీద పడిండాది," అని బయట కూర్చున్న జిమ్ము అతన్ని పిలిచాను.

పరదా అవతల కుర్చీ చప్పుడైంది. అడుగులు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి.

"లోపల ఇంకెవురూ లేరా అక్కా?"

"లేరు. రా."

"నేనెట్ల వచ్చేది అక్కా? ఉండు, అన్నకు ఫోన్ చేస్తా."

ఊపిరి తీసుకుంటే బార్ ఇంకాస్త దిగుతోంది. అరిస్తే ఉన్న ఊపిరీ పోతుంది. పరదా కింద అతని చెప్పులు కనిపిస్తున్నాయి. నాలుగు అంగల దూరం. అతను ఫోన్‌లో అంతా వివరంగానే చెప్పాడు. బార్ ఎక్కడ పడిందో చెప్పడానికి మాత్రం సిగ్గుపడి "పైన పడిందన్నా" అన్నాడు. తర్వాత పరదాలోంచి నాతో అన్నాడు.

"అన్న వస్తాండాడంటక్కా. నన్ను లోపలికి పోబాకన్నాడు. అంతవరకు ఓర్సుకోమన్నాడు."

మదనపల్లె నుంచి పుంగనూరుకు ఎంత తొందరగా వచ్చినా గంటకు దగ్గర. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటే నన్ను బతికించిందనుకుంటాను. బార్‌ను గుండెల మీంచి పొట్ట మీదికి దొర్లించాను. పేగులు నలిగాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. పొట్ట మీంచి తొడల మొదలు దాకా దొర్లించి, లేచి కూర్చుని, దాన్ని నేల మీదికి తోసేశాను. ఒంటరిగా ఇరుక్కున్నవాళ్ళకు మిగిలే దారి అదే. ఎవరూ నేర్పలేదు, నొప్పే నేర్పింది.

పరదా పక్కకు తోసి బయటికొస్తే అతను గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. నా వైపు చూడకుండానే "నీళ్ళు తాగుతావా అక్కా?" అన్నాడు. తాగాను. ఆయన వచ్చేదాకా మెట్ల మీదే కూర్చున్నాను. నడిచి ఇంటికి పోయే ఓపిక లేదు.

మా ఆయన ఒంటిగంట దాటాక వచ్చాడు. బండి దిగి ముందు అతని దగ్గరికే పోయాడు.

"లోపలికి పోలేదు గదా?"

"లేదన్నా. పరదా కూడా కదిలించలే."

మా ఆయన అతని భుజం తట్టాడు. తర్వాత నన్ను చూసి, "బాగుండావు గదా, పా పోదాం," అన్నాడు.

రెండు రోజుల్లో కథ కుప్పం దాకా పోయింది. అక్క ఫోన్ చేసింది. ఈ కాలంలో ఇంత మర్యాదస్తులు యాడుండారు అని ఇద్దరినీ పొగిడింది. నా ఎముకల సంగతి చివర్లో అడిగింది. బాగున్నాయన్నాను. దగ్గితే ఇంకా నొప్పి పుడుతోంది.

ఒక మధ్యాహ్నం ఆయనకు అన్నం వడ్డిస్తూ, "ఆ పొద్దు అంత ఆలస్యం యాల అయింది?" అని అడిగాను. పోట్లాడాలని కాదు. ట్రాఫిక్ అంటాడనో, బండి మొరాయించిందంటాడనో అనుకున్నాను.

"మన కాయలు వేలంలో ఉండె. అయిపోతానే బయల్దేరినా. ఆ పొద్దు రేటు బాగా పలికింది," అన్నాడు.

"నేను బయటపడినానని నీకు ఫోన్ చేసి చెప్పినారా?"

"లేదే. జిమ్ము కాడికొచ్చినాకనే గదా తెలిసింది," అని మజ్జిగ కోసం కంచం ముందుకు జరిపాడు.

వేలం పాట సాగినంతసేపూ ఆయన లెక్కలో నేను ఆ బార్ కిందే ఉన్నాను. కంచంలో మజ్జిగ పోశాను.