పెద్దమ్మ కూర్చున్న పూట

"ఎనిమిదిన్నరకా భోజనం? ఆ వేళకి పిల్లకి నిద్ర ముంచుకొచ్చి ఏడుపు లంకించుకుంటుంది. అది ఏడవగానే పెద్దమ్మ లేచి నిలబడుతుంది. ఇంకావిడ కూర్చోదు ఎడ్గర్. చూస్తూ ఉండు, ఈసారీ కూర్చోదు!"

యారెలిస్ ఫోను మొగుడి ముఖం ముందు పెట్టింది. ఓడవాళ్లు పంపిన కబురు అది. మీరు ఓడెక్కే వేళ ఆదివారం సాయంత్రం ఆరున్నర. మొదటి రాత్రి పెద్ద భోజనశాలలో మీ బల్ల ఎనిమిదిన్నరకి. పావుగంట దాటితే బల్ల వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. అలా బల్ల పోగొట్టుకున్నవాళ్లు పై అంతస్తుకి వెళ్లి, పళ్లాలు పట్టుకుని, ఎవరికి వాళ్లు వడ్డించుకుని తినవచ్చు.

వడ్డించుకునే చోటు! మిగ్దాలియా పెద్దమ్మకి ఇంకేం కావాలి? అలాంటి చోట ఆవిడ అడుగుపెడితే గరిట దానంతటదే ఆవిడ చేతిలోకి వచ్చేస్తుంది.

కయేయ్ ఊరి బడి వంటశాలలో మిగ్దాలియా ముప్ఫై రెండేళ్లు పనిచేసింది. రోజుకి రెండువందల నలభైమంది పిల్లలు. తల్లి పోయిన యారెలిస్‌ని ఆ వంటశాలలోనే, బియ్యం బస్తాల పక్కన బల్ల మీద లెక్కలు చేయిస్తూ పెంచింది. అన్నేళ్లలో ఆవిడ కూర్చుని తినగా చూసినవాళ్లు లేరు. పొయ్యి గట్టుకి నడుం ఆనించి, గిన్నె మూత తిరగేసి, దాంట్లో నాలుగు మెతుకులు వేసుకుని నిలబడే తినేది. ఉద్యోగం మానేశాకా అంతే. యారెలిస్ పెళ్లి విందులో ఆవిడకి వేసిన కుర్చీలో ఆవిడ చేతిసంచి ఒక్కటే చివరిదాకా కూర్చుంది.

ఆదివారానికి ఆవిడకి డెబ్బై నిండుతాయి. ఆ రాత్రి తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర ఆవిడ కూర్చోవాలి. ఇంకొకరు వండినది ఇంకొకరు తెచ్చి పెట్టాలి. మొదటి నుంచి చివరిదాకా లేవకూడదు. యారెలిస్ ఈ ఓడ ప్రయాణం పెట్టుకున్నదే దానికి. తక్కిన ఏడు రోజులూ కొసరు.

యారెలిస్‌ది నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. ఏ సమస్యనైనా గళ్లు గీసి అందులో పెడితే సగం లొంగుతుందని ఆమె నమ్మకం. రెండేళ్ల కూతురు అమాయా రాత్రి భోజనందాకా మెలకువగా ఉండేలా, దాని మధ్యాహ్నపు నిద్రని రోజుకి పదిహేను నిమిషాల చొప్పున ఆలస్యం చేయాలని కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించింది. నాలుగో రోజుకి పిల్ల నిద్ర పూర్తిగా మానేసింది.

"అది పిల్లే అమ్మాయ్, నీ ల్యాబులో సీసా కాదు, గీత దాకా పోసి ఆపడానికి," అంది పెద్దమ్మ నవ్వుతూ.

కాగితంలో పెద్దవాళ్ల వరుస కూడా ఉంది. ఆదివారం పన్నెండింటికి తేలికపాటి భోజనం. ఆ తర్వాత రాత్రి బల్ల దాకా ఎవరూ ఏమీ ముట్టకూడదు. అంత పెద్ద విందుకి నిండు ఆకలి ఉండాలి కదా!

ఆదివారం రెండింటికి వాళ్లు పెద్దమ్మని ఎక్కించుకోవడానికి వెళ్లేసరికి వీధి మొదట్లోకే వాసన వచ్చేసింది. పచ్చి కందులు వేసి వండిన అన్నం.

"దీవించు పెద్దమ్మా," అంది యారెలిస్ గుమ్మంలో, అలవాటు కొద్దీ. వెంటనే, "ఇవాళ పొయ్యి ముట్టించనని మాటిచ్చావా లేదా?" అంది.

"దేవుడు చల్లగా చూడాలి నిన్ను. మాటిచ్చాను. మనసొప్పలేదు."

రేవుదాకా సాగనంపడానికి వస్తున్న పక్కింటి నిల్సా కారు వెనకసీట్లో, తువ్వాలుతో మూత బిగించి కట్టిన పెద్ద అల్యూమినియం గిన్నె రాణీలా కూర్చుని ఉంది. పెద్దమ్మ తమ్ముడు చెయో దాని పక్కన ఒదిగి కూర్చున్నాడు.

"ఓడలో మూడువేలమందికి వండే వాళ్లున్నారక్కా," అన్నాడు. "వాళ్లకి రాదనుకున్నావా?"

"వాళ్ల వంట మాట నాకెందుకురా? నువ్వు ఆ గిన్నె వంచకుండా పట్టుకో."

"ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు పెద్దమ్మా! పారబోయిస్తారు!" యారెలిస్ గొంతు పైకి లేచింది.

"ఓడలోకి ఎవరు తెస్తున్నారు?"

అంటూ ఆవిడ కారు తలుపు వేసేసింది.

సాన్ హువాన్ రేవులో ఓడ కనబడగానే అమాయా చప్పట్లు కొట్టింది. చెయో టోపీ తీసి ఓడకి దణ్ణం పెట్టాడు. "మా బడి కన్నా పెద్దదే," అని పెద్దమ్మ ఒప్పుకుంది. యారెలిస్ గుండె పండగనాటి డప్పులా కొట్టుకుంటోంది. గడియారం ఆరు చూపిస్తోంది. అంతా కాగితం ప్రకారమే.

అప్పుడొచ్చి చెప్పారు, ఓడ కడగడం ఇంకా పూర్తికాలేదట. ఆరున్నరవాళ్లు ఏడుంబావుకి ఎక్కాలట.

వరుసలో రెండొందలమంది ఒక్కసారి నిట్టూర్చారు. వీళ్లవైతే పన్నెండింటి నుంచీ ఖాళీ కడుపులు. ఎడ్గర్ ఊరికే చెయోని విసుక్కున్నాడు. చెయో ఊరికే ఓడని తిట్టాడు. అమాయా నేలమీద పడుకుని చెప్పులు విసిరేసింది. యారెలిస్ మనసులో లెక్కలు పరుగెత్తాయి. ఏడుంబావుకి ఎక్కడం, ఎనిమిదికి గది, పిల్లకి తిండి, స్నానం... ఏ గడిలోనూ అమరడం లేదు. ఆమెకి కళ్లనీళ్లు వచ్చేశాయి.

"చెయో, గిన్నె," అంది పెద్దమ్మ.

ఓడ కదిలేటప్పుడు చెయ్యి ఊపాలని నిల్సా కారు ఆపుకుని అక్కడే కూర్చుంది. రోడ్డు పక్క రాతిబెంచి మీద గిన్నె దిగింది. చేతిసంచిలోంచి కాగితం పళ్లాలు వచ్చాయి, అరవై. మూత తీయగానే వరుస తల తిప్పింది.

"ముందు పిల్లలు," అంది పెద్దమ్మ. బడిలో ముప్ఫై రెండేళ్లు వాడిన గొంతు అది. ఎవరి పిల్లలని అడగలేదు. అమాయా చెంచా పట్టుకుని బుద్ధిగా తింది. తర్వాత పెద్దలు, తలా నాలుగు చెంచాలు, అంతకు మించి లేదు. అడుగంటి కరకరలాడే పెచ్చు దగ్గరికొచ్చేసరికి చెయోకీ, ముక్కూమొహం తెలియని ఒక పెద్దాయనకీ తగువు వచ్చింది.

"అక్క చేసిందండీ, వారసత్వం నాది!"

"వారసత్వాలు కోర్టులో చూసుకుందాం, ముందు నా పళ్లెంలో వెయ్యమనండి!"

వరుసంతా నవ్వింది. పెచ్చు రెండు ముక్కలైంది. ఖాళీ గిన్నె నిల్సా కారెక్కింది. ఏడుంబావుకి తలుపులు తెరిచేసరికి అమాయా తోపుడుబండిలో నిద్రపోయింది.

ఎనిమిదీ ఇరవై అయిదుకి వాళ్లు బల్ల చేరారు. తెల్లగుడ్డ, దీపాలు, కిటికీలో వెనక్కి జారుతున్న, రేవు ఒడ్డున ఉన్న పాత కోట గోడలు. పెద్దమ్మ కుర్చీ అంచున, పనికి పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. సూపు వచ్చింది. తాగింది. వడ్డించేవాడు గిన్నెలు తీయడానికి వచ్చాడో లేదో ఆవిడ చెయ్యి ఎడ్గర్ గిన్నె మీద చెయో గిన్నె పేర్చేసింది. మడమలు నేలకి తన్నాయి. లేవబోతోంది.

ఆ క్షణంలో యారెలిస్ కాగితం చూడలేదు, ఆలోచించలేదు. వంగి, నిద్రపోతున్న పిల్లని బండిలోంచి ఎత్తి పెద్దమ్మ ఒళ్లో పడుకోబెట్టింది.

"కదిలావంటే లేస్తుంది," అంది.

పెద్దమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. మనవరాలి తల మోచేతి మీదికి సర్దుకుంది. చేప వచ్చింది, మాంసం వచ్చింది, డెబ్బై ఏళ్లకి ఒక్క కొవ్వొత్తి గుచ్చిన కేకు వచ్చింది. గంటన్నర సేపు ఒకరు తెచ్చి ముందు పెట్టారు, ఒకరు తీశారు, ఒంటిచేత్తో ఆవిడ అన్నీ రుచి చూసింది.

"చేపలో ఉప్పు తక్కువ," అంది, మొహం వెలిగిపోతుండగా.

"పోట్లాడి దక్కించుకున్న పెచ్చు ముందు ఇవన్నీ దిగదుడుపే," అన్నాడు చెయో.

యారెలిస్‌కి అప్పుడు తట్టింది. ఆకలి దాచుకోమని తను రాసుకున్న కాగితమే నిలబడి ఉంటే ఇప్పుడు ఎవరి పళ్లెంలోకి వాళ్లు చూసుకుంటూ, పిల్ల ఏడుపుకి విసుక్కుంటూ ఉండేవాళ్లు.

"పెద్దమ్మా, ఓడ ఆలస్యమవుతుందని నీకెలా తెలుసు?"

"నాకేం తెలుసు? ఆలస్యం కాకపోయినా పెట్టేదాన్నే."

ఇప్పుడు యారెలిస్ ఎవరి పెళ్లికి వెళ్లినా, పుట్టినరోజుకి వెళ్లినా, బయల్దేరేముందు వంటింట్లో పిల్లకి నాలుగు చెంచాలు పెట్టి, తానూ నాలుగు తింటుంది. ఎందుకని అడిగినవాళ్లకి ఆ రాత్రి బల్ల దగ్గర పెద్దమ్మ చెప్పిన మాటే చెబుతుంది:

"ఆకలితో విందుకి వెళ్లకమ్మా. ఆకలితో వెళ్తే పళ్లెమే కనబడుతుంది. నాలుగు మెతుకులు కడుపులో పడేసుకుని వెళ్లు, మనుషులు కనబడతారు."