కిర్కూక్‌లో సర్వర్‌కు మాటలు నేర్పిన సెవింజ్

మా కిర్కూక్‌లో ఇద్దరు పొరుగువాళ్లు పోట్లాడుకోవాలన్నా ముందు ఏ భాషలో పోట్లాడుకోవాలో తేల్చుకోవాలి. కుర్దులం, తుర్క్‌మెన్లు, అరబ్బులు, అస్సూరీలు అందరం ఒకే రొట్టెల బట్టీ ముందు వరసలో నిలబడతాం. నోరున్న మనుషుల సంగతే ఇలా ఉంటే, నోరులేని మెయిల్ సర్వర్ చేత ఎవరి భాషలో వాళ్లకు జవాబు చెప్పించడానికి పూనుకున్న మనిషిని ఏమనాలి? నేనైతే మొదట్లో పిచ్చిదన్నాను. ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే ఊరుకోను. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది.

నా పేరు సర్‌బస్త్. చుట్టుపక్కల ఊళ్ల వైద్యశాలలకు మందులు పంపే గోదాములో బండ్ల బాధ్యత నాది. మందుల బాధ్యత యోనాన్ మామది. ఆయన అస్సూరీ క్రైస్తవుడు, మెత్తని మనిషి. మెయిళ్లు నడిపే సర్వర్ బాధ్యత సెవింజ్‌ది. ముసల్లా పేటలో పుట్టిన తుర్క్‌మెన్ పిల్ల. సన్నగా ఉంటుంది, గట్టిగా నవ్వుతుంది, టీలో పంచదార మాత్రం గ్లాసు సగానికి వేసుకుంటుంది.

ఊళ్ల నుంచి ఏ మందు కావాలన్నా మెయిల్‌లోనే రాయాలన్నది మా ఆఫీసు నియమం. యోనాన్ మామ మెయిల్ పెట్టె ఎప్పుడూ కిక్కిరిసి ఉండేది. ఆస్ట్రేలియాలో ఉన్న మేనల్లుడు పంపే ఫోటోలు ఒక్కటి కూడా తీసెయ్యడానికి ఆయనకు చెయ్యి వచ్చేది కాదు. పెట్టె నిండితే కొత్త ఉత్తరం లోపలికి పోదు. అప్పుడు సర్వర్ తనంతట తనే, రాసినవాళ్లకు ‘మీ ఉత్తరం అందలేదు’ అని తిరుగు కబురు పంపుతుంది. ఆ కబురు సర్కారీ అరబీలో, పైన మా ఆఫీసు పేరుతో, ఎండు కట్టెలా ఉండేది.

కొండ వైపు ఒక ఊళ్లో చినార్ అనే కుర్దు నర్సు ఉంది. చదువంతా కుర్దీలోనే సాగింది, అరబీ అంటే నమాజులో చదివే నాలుగు ముక్కలే. ఆ పిల్ల ఇన్సులిన్ కావాలని రాసింది. ఉత్తరం వెనక్కి తిరిగింది, అరబీలో కబురు వెళ్లింది. ఆఫీసు పేరుతో అరబీలో కాగితం వచ్చిందంటే ‘మీ విన్నపం అందింది, ఓపిక పట్టండి’ అని అర్థం చేసుకోవడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. చినార్ కూడా ఓపిక పట్టింది. ఇన్సులిన్ లేక ఒళ్లు తెలియని స్థితిలో పికప్ బండి వెనకాల పడుకోబెట్టి కిర్కూక్ తెచ్చిన రోగి ఎవరో కాదు, ఆమె కన్నతండ్రి రసూల్ మామ.

సంగతి తెలిసి మేం ఆసుపత్రికి పరుగెత్తాం. వసారాలో చినార్ తన ఫోను చూపిస్తూ సెవింజ్ మీద విరుచుకుపడింది.

“మీరు పంపిన రసీదు ఇదిగో అక్కా! అందిందని చెప్పి, మందెందుకు పంపలేదు? మా నాన్న మీకేం అన్యాయం చేశాడు?”

సెవింజ్ ఫోను చూసి గోడకు చేరగిలబడింది. “తల్లీ, ఇది రసీదు కాదు. నీ ఉత్తరం అందలేదని రాసుంది.”

“అందలేదని ఇంత గంభీరంగా చెబుతారా ఎవరైనా?” అంటూ ఆ పిల్ల భోరుమంది.

రసూల్ మామ బతికాడు. అది దేవుడి దయ, మా గొప్పేమీ కాదు. యోనాన్ మామ ఏడుస్తూ కూర్చుని ఫోటోలన్నీ తుడిచేశాడు. కానీ పెట్టె మళ్లీ నిండదన్న హామీ ఎవరిస్తారు? ఇంకోసారి నిండితే, ఇంకోసారి అలాంటి కబురే వెళితే, రసూల్ మామ ఈసారి ఆసుపత్రి దాకా వస్తాడా? సెవింజ్‌కు ఆ భయం పట్టుకుంది.

అందరికీ ఒక ప్రశ్న పంపింది. సర్వర్ మీతో ఏ భాషలో మాట్లాడాలి? అంతే. జవాబులు వచ్చాయి. అరబీ. అరబీ. అరబీ. చినార్ కూడా అరబీ అనే రాసింది! నేనూ అదే రాశాను.

సెవింజ్ నేరుగా నా బల్ల దగ్గరికొచ్చింది. “కాకా, మీ ఆవిడతో పోట్లాడేది ఏ భాషలో?”

“కుర్దీలో.”

“మరి అరబీ అని ఎందుకు రాశావ్?”

“పోట్లాటకు సంతకం పెట్టక్కర్లేదు కదా తల్లీ.”

ఆమె నవ్వలేదు. ఎందుకు రాశామో ఆమెకు తెలుసు. వెనకటి సర్కారు రోజుల్లో ఇళ్లకు ఇలాంటి ప్రశ్న కాగితాలు వచ్చేవి, మీరెవరు, మీ భాషేది అని. అరబీ కాదని నిజం రాసినవాళ్లను ఊళ్లోంచి వెళ్లగొట్టారు, వాళ్ల సామాను లారీ ఎక్కింది. మా పెద్దన్నది ఎక్కింది. సెవింజ్ వాళ్ల తాతది ఎక్కింది. అడిగేది సర్వరే కావచ్చు, మా చేతికి ఆ సంగతి ఏం తెలుసు? అది దానంతటదే అరబీ అని రాసేస్తుంది.

“సరే, ఎవర్నీ అడగను. ఎవరి పేరు పక్కనా ఏదీ రాసి పెట్టను” అంది సెవింజ్. “ఉత్తరం వచ్చినప్పుడు మొదటి వాక్యం ఏ భాషలో ఉందో సర్వర్ చూస్తుంది. అదే భాషలో జవాబిస్తుంది. ఆ వెంటనే మర్చిపోతుంది.”

కబురును నాలుగు భాషల్లో రాయడానికి కూర్చున్నాం. అరబీలో, తుర్క్‌మెన్‌లో తనే రాసింది. కుర్దీ నాకు మాట్లాడడమే వచ్చు. మా రోజుల్లో బడిలో కుర్దీ ఎవరు నేర్పారు? నేను చెబుతుంటే మా కోడలు రాసిపెట్టింది. అస్సూరీల భాష సిరియాక్‌లో యోనాన్ మామ రాశాడు, మొదట్లో రెండు దీవెనలు కూడా తగిలించాడు.

“మామా, దీవెనలు తీసెయ్” అంది సెవింజ్. “ముందు నిజం చెప్పాలి. ‘నీ ఉత్తరం అందలేదు. ఈ నంబరుకు ఫోన్ చెయ్యి.’ ఇంతే.”

“మరీ మొహం మీద తలుపేసినట్టు లేదూ?”

“నంబరు ఇచ్చాం కదా మామా, తలుపు తీసే ఉంది.”

ఇక పరీక్ష పెట్టింది. యోనాన్ మామ పెట్టె కావాలనే నింపి, అందర్నీ ఆయనకు ఉత్తరాలు రాయమంది. ఫలితం చూడాలి మరి! చినార్‌కు సిరియాక్‌లో జవాబెళ్లింది. నాకూ సిరియాక్‌లోనే వచ్చింది. ఆఫీసు మొత్తానికీ సిరియాక్! తుర్క్‌మెన్ గుమాస్తా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూశాడు.

విషయం ఏమిటంటే, మా ఊళ్లో ఎదుటివాణ్ణి ఎదుటివాడి భాషలోనే పలకరిస్తాం. నేను యోనాన్ మామను ‘ష్లామా’ అంటాను, ఆయన నన్ను ‘చోనీ’ అంటాడు. దానికి భయం లేదు, సంతకం లేదు. తాతల నాటి మర్యాద. ఉత్తరంలోనూ మొదటి వాక్యం అలాగే రాస్తాం. పాపం సర్వర్‌కు ఏం తెలుసు, మొదటి వాక్యం చూసి మేమంతా అస్సూరీలమే అనుకుంది.

సెవింజ్ బల్ల మీద తల పెట్టేసింది. “మర్యాదస్తులారా! మీ మర్యాద తగలెయ్య!”

నేను పెద్దమనిషి తరహాలో సలహా ఇచ్చాను. “ఇకనుంచి ఎవరి భాషలో వాళ్లే పలకరించాలని ఒక ఆర్డరు వేయిస్తే పోలా?”

ఆమె తలెత్తి నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. “కాకా, ఈ ఊళ్లో మనకింకా మిగిలింది ఆ ఒక్క అలవాటే. సర్వర్ కోసం దాన్ని కూడా తీసి పారెయ్యమంటావా?”

నా వయసులో సగం లేదు ఆ పిల్ల. ఆ పూట మనసులోనే ఆమెకు దణ్ణం పెట్టుకున్నాను.

పై అధికారి సెవింజ్‌ను పిలిచి, ఈ గోలంతా ఎందుకు, అందరికీ ఇంగ్లీషు పెట్టెయ్, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు అన్నాడు. “చెయ్యరు సార్, చదవరు కూడా” అని చెప్పి వచ్చేసింది.

ఆ వారమంతా ఆమెకు పని మీద ధ్యాస లేదు, టీ గ్లాసు పట్టుకుని మనుషుల చుట్టూ తిరిగింది. ఉత్తరాలు ఎలా రాస్తారో చూపించమనేది. యోనాన్ మామ ఒకటి రాస్తుంటే పక్కనే కూర్చుంది. పలకరింపు తుర్క్‌మెన్‌లో, ఎందుకంటే ఉత్తరం ఆమెకే. మధ్యలో మందుల పేర్లు, లెక్కలు అరబీలో, ఆఫీసు పద్ధతి కాబట్టి. చివర ఏదో గొణుక్కుంటూ సిరియాక్‌లో ఒక వాక్యం కొట్టాడు.

“ఇదెవరికి మామా? నాకు సిరియాక్ రాదని తెలుసుగా?”

“నీకు కాదమ్మా అది. చివర్లో దేవుణ్ణి తలుచుకోకుండా ఉత్తరం పంపబుద్ధి కాదు నాకు. అలవాటు.”

సెవింజ్ టీ అక్కడే వదిలేసి లేచింది. మా అందరి చేతా చివరి వాక్యాలు చదివించింది. నేను ‘దేవుడు నిన్ను చల్లగా చూడాలి’ అని కుర్దీ ముక్కలనే అరబీ అక్షరాల్లో ఇష్టం వచ్చినట్టు రాస్తాను. తుర్క్‌మెన్ గుమాస్తా వాళ్లమ్మ అనే మాట రాస్తాడు. చినార్‌కు ఫోన్ చేస్తే తనదీ అంతే, మధ్యలో అరబీ ముక్కలు మాత్రం పాత కాగితం చూసి దించుతుందట. పలకరింపు ఎదుటివాళ్ల కోసం, మధ్యలోది ఆఫీసు కోసం, చివరి దీవెన ఒక్కటే ఎవరి కడుపులోంచి వాళ్లకు వస్తుంది. ఇన్నేళ్లుగా రాస్తున్న మాకెవరికీ తెలియని సంగతి అది! సర్వర్ ఇకమీదట చివరి వాక్యమే చూసేలా మార్చింది. నా గిలుకుడు రాత అర్థమయ్యేలా దానికి తర్ఫీదు ఇస్తూ మాత్రం నన్ను పొట్టు పొట్టు తిట్టింది.

వసంతంలో యోనాన్ మామ పండక్కి సెలవు పెట్టాడు. మేనల్లుడు పాత బుద్ధి పోనిచ్చుకోలేదు, పెళ్లి ఫోటోలు మూటలు మూటలుగా పంపాడు. పెట్టె నిండింది. సరిగ్గా అప్పుడే చినార్ ఇన్సులిన్ కోసం రాసింది.

సెవింజ్ ఫోన్ మోగింది. అవతల నుంచి వచ్చిన అరుపు నా బల్ల దాకా వినబడింది. “అక్కా! అందలేదట! నా ఉత్తరం అందలేదట! కుర్దీలో చెప్పింది!”

అందలేదన్న కబురుకు అంత సంబరపడిన మనిషిని నేను ఈ జన్మలో చూడలేదు. సెవింజ్ నవ్వుతోంది, చెంపల మీద కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. “కాకా, బండి తియ్” అంది. ఐసు పెట్టెలో ఇన్సులిన్ సర్దించుకుని నేనే బయల్దేరాను. చెక్‌పోస్టులో సైనికుడు పెట్టె తెరవమంటే, చల్లదనం పోతే నీ సంగతి చూస్తానని వాడి మీద అరిచాను కూడా.

రసూల్ మామ గుమ్మంలో చాప మీద కూర్చుని ఉన్నాడు. మందు ఇంకా ఒక పూటకు ఉందట. చినార్ సీసాలు తీసుకుని లోపలికి పరుగెత్తింది. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“ఆ కబురు నా కూతురు పైకి చదివి వినిపించింది సర్‌బస్త్. అందలేదు, ఫోన్ చెయ్యి అని. ఆఫీసు వాళ్లు నాతో నా భాషలో మాట్లాడడం నా బతుకులో ఇదే మొదటిసారి. మందు రాలేదని తెలిసింది, అయినా నాకు భయం వెయ్యలేదు. నేను చచ్చిపోతే పట్టించుకునేవాళ్లు అక్కడ ఉన్నారు కదా అనిపించింది.”