మూసిన వాల్వు

మా ఆయన దేవసహాయానికి రెండింటి మీదే నమ్మకం. ఒకటి ప్రభువు మీద, రెండోది తన చేతి పని మీద. నంద్యాలలో లారీల బ్రేకులు బాగుచేసే షెడ్డు మాది. ట్రైలర్ బండి ఏది వచ్చినా పరీక్ష పెట్టకుండా వదిలేవాడు కాదు. డ్రైవర్ చేత బ్రేకు తొక్కించి, ట్రైలర్ చక్రాలు పట్టాయో లేదో వంగి చూసేవాడు. తర్వాత ఇంజనుండే ముందుబండి నుంచి ట్రైలర్ బ్రేకులకు ఎప్పుడూ గాలి పోతుండే పైపును ఊడబీకేవాడు. పైపు తెగినా సరే, ట్రైలర్ తనంతట తానే బిగుసుకుని నిలబడాలి. అది రూలు. ఆ రూలు గురించి అన్నం ముందు కూర్చుని కూడా గంటసేపు చెప్పేవాడు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే మాత్రం తెలీదనేవాడు, మహానుభావుడు.

నా తమ్ముడు జయరాజు ట్రైలర్ డ్రైవరు. బేతంచెర్ల నాపరాళ్ళు మద్రాసుకు తోలేవాడు. వాడి బండిని మా ఆయన రెండుసార్లు పరీక్షించేవాడు కాబట్టి నాకు దిగులుండేది కాదు.

ఎనభై నాలుగులో ఒక పొద్దున మేము ఆళ్లగడ్డలో పెళ్ళికి పోవాలి. బస్సు ఎందుకక్కా అని జయరాజు మమ్మల్ని తన బండిలోనే ఎక్కించుకున్నాడు. శిరివెళ్ళ దాటాక, కందికోతకు పోయే కూలీ ఆడవాళ్ళు రోడ్డు దాటుతున్నారు. ఒకామె సద్దిగిన్నె జారిపడితే తీసుకోవడానికి వెనక్కి వచ్చింది. జయరాజు బ్రేకు తొక్కాడు. ముందుబండి ఆగబోయింది గానీ, వెనక రాళ్ళ ట్రైలర్ మమ్మల్ని నెట్టుకుంటూ పోయింది. "ప్రభువా!" అని కళ్ళు మూసుకున్నాను. ఆమెకు మూరెడు దూరంలో ఆగాం.

మా ఆయన దిగి, ముందుబండి బ్రేకు డ్రమ్ము మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి లాక్కున్నాడు. ట్రైలర్ డ్రమ్ము ముట్టుకున్నాడు. అది చల్లగా ఉంది. ట్రైలర్ బ్రేకు అసలు పట్టనే లేదు. ఆయన పైపు వెంట వెతుక్కుంటూ పోయాడు. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే ట్రైలర్‌కు గాలి పంపే రెండో పైపు వాల్వు మూసి ఉంది.

"ఎవుర్రా మూసినేది?"

"నేనే బావా," అన్నాడు జయరాజు.

"ఎన్ని దినాల్నుంచి?"

"మొదుటినుంచీ. ఎనక బ్రేకు పడితే టైర్లు అరుగుతాయని ఓనరు తిడతాడు. నీ షెడ్డుకాడ తెరుస్తాం, ఊరు దాటినాక మూస్తాం."

"తెరుస్తాం అంటాండావ్. ఎవురెవురు?"

"అందరూ బావా."

మా ఆయన రోడ్డు పక్కన మట్టిలోనే కూలబడ్డాడు. పదకొండేళ్ళు ఆ మనిషి నడుము విరగ్గొట్టుకుని చేసిన పని ఊరు దాటగానే ఉత్తదైపోతోందన్నమాట! కోపం పట్టలేక నా తమ్ముడి వీపు మీద రెండు వేశాను.

ఆయన లేచి వాల్వు తెరిచాడు. "తోలు," అన్నాడు. జయరాజు స్టీరింగు ముందు కూర్చున్నాడే గానీ బండి కదిలించలేదు.

"నాకు రాదు బావా. ఎనక బ్రేకు పట్టే లోడు బండి నేనెప్పుడూ తోల్లేదు."

ఎనిమిదేళ్ళ నుంచీ డ్రైవరు! ఇద్దరు పిల్లల తండ్రి!

మా ఆయన తిట్టలేదు. వాడి పక్కన కూర్చుని, "ఒక్కసారే తొక్కొద్దప్పా. మెల్లగా. ఇంగా మెల్లగా," అంటూ ఆళ్లగడ్డ దాకా బ్రేకు తొక్కడం నేర్పించుకుంటూ వచ్చాడు. దారి పొడుగునా ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.